హాలు సగం తడి, సగం పొడి

పోస్టు పంచే బ్రీజ్ అన్నదట, అన్నదని డిలీ హోనన్ చెప్పింది: కోల్మన్ టాల్టీ తన పైపులకి హాలులో తేమ కావాలని పట్టుబట్టడం ఒట్టి సాకు, అసలు ఎత్తు ఫిన్టన్ మారినన్ డప్పు నోరు మూయించడమేనని.

ఈ మాట మోసుకురావడానికి డిలీ బూట్లు బురదలో దిగబడుతున్నా లెక్కచెయ్యకుండా పొలానికి అడ్డంపడి వచ్చింది. వచ్చి, ఫిన్టన్ పెళ్ళాం కాన్సెప్టా వంటింట్లో కుర్చీ లాక్కుని కూర్చుంది. టీలో చక్కెర కలుపుతూ మొదలుపెట్టి, అసలు ముక్క దగ్గరికి వచ్చేసరికి కలపడం ఆపి మరీ చెప్పింది.

"నేనంటున్నానా? బ్రీజ్ అంది. నాకెందుకమ్మా ఒకళ్ళ గొడవలు," అంది డిలీ. "కానీ నువ్వే ఆలోచించు. తడిగాలి తగిలితే మేకతోలు ఏమవుతుంది?"

కాన్సెప్టాకి ఆలోచించాల్సిన పని లేదు. తడిగాలి తగిలితే మేకతోలు నానుతుంది, వేలాడుతుంది, కొడితే దిండును కొట్టినట్టు ఉంటుంది. ఫిన్టన్ వాయించేది బౌరాన్. తొడ మీద నిలబెట్టి, పొట్టి కర్రతో కొట్టే మేకతోలు డప్పు. కోల్మన్‌వి పైపులు. చంకలో తిత్తి, మోచేతి కింద చిన్న కొలిమితిత్తి, ఒళ్ళో గొట్టాలు, ఆ గొట్టాల్లో సన్నాయి పీకల్లాంటి రెల్లు పీకలు. ఆ పీకలకి పొడిగాలి తగిలిందా, మూతి ముడుచుకుంటాయి. ఎంత గాలి కొట్టినా మూలుగైనా రాదు. ఒకడి ప్రాణం పొడిలో, ఇంకొకడి ప్రాణం తడిలో. ఇద్దరూ ఇవాళ ఒకే హాలులో మధ్యాహ్నం జనానికి నేర్పాలి, సాయంత్రం ఒకే స్టేజీ మీద పక్కపక్కన కూర్చుని వాయించాలి.

"రానీ చూస్తాను," అంది కాన్సెప్టా. "బాయిలర్ తాళం ఎవరి దగ్గరుంది?"

"నీ దగ్గరే ఉందమ్మా. అందుకేగా పరిగెత్తుకొచ్చాను."

కిల్‌ఫరన్ హాలు పుట్టిన దగ్గర్నుంచీ తడిదే. గోడకున్న బిషప్పు గారి ఫోటోకి ఏటా వానాకాలంలో నాచు గడ్డం మొలిచేది, ఈస్టర్‌కి ముందు ఎవరో ఒకరు గుడ్డతో ఆయనకి క్షవరం చేసేవాళ్ళు. హాలు కమిటీ సెక్రటరీగా కాన్సెప్టా ఏళ్ళ తరబడి కేకులమ్మి, లాటరీ టికెట్లమ్మి, మనుషుల వెంటబడి, కొత్త కప్పు వేయించి, చలీ చెమ్మా రాకుండా గోడలకి దూది పట్టించి, హాలు వేడెక్కడానికి బాయిలర్ పెట్టించింది. ఇప్పుడు హాలు బిస్కెట్ డబ్బాలా పొడిగా ఉంది. ఆ పొడి హాలులో మొట్టమొదటి సంగీతోత్సవం ఇవాళే. పోస్టర్ రాయించింది కూడా ఆవిడే. పైన కోల్మన్ టాల్టీ, ఆ పక్కన అంతే పెద్ద అక్షరాలతో ఫిన్టన్ మారినన్.

ఆ అక్షరాల వెనక ఒక కథ ఉంది. కాన్సెప్టా చెల్లెలు ఐలీష్‌ని చేసుకున్నవాడు అకార్డియన్ వాయిస్తాడు, రేడియోలో వచ్చాడు. ప్రతి క్రిస్మస్‌కీ ఐలీష్ "మా ఆయన రేడియోలో ఉన్నప్పుడు" అని మొదలుపెడుతుంది. కాన్సెప్టా "మా ఆయన పాల లారీలో ఉన్నప్పుడు" అని మొదలుపెట్టి, ఆ వాక్యాన్ని ఎటు తీసుకెళ్ళాలో తెలీక బంగాళాదుంపలు వడ్డిస్తుంది. పైగా డప్పు వాయించేవాడికి ఆ ఊళ్ళో పరువెంత? పబ్బులో ఫిడేళ్ళ పక్కకి వస్తే పొమ్మనరు. కుర్చీ మాత్రం చూపించరు. ఇన్నేళ్ళూ ఫిన్టన్ గోడకి ఆనుకుని వాయించాడు. ఇవాళ స్టేజీ మీద, కుర్చీలో కూర్చుని, అందరూ చూస్తుండగా వాయించాలి. ఐలీష్ మొగుడితో సహా మొదటి వరసలో కూర్చోబోతోంది. కాన్సెప్టాకి ఈ లోకంలో ఇంకేమీ అక్కర్లేదు.

ఫిన్టన్ పాల లారీ దింపుకుని ఇంటికి వస్తే కాన్సెప్టా అతనికి డిలీ మాట చెప్పింది.

"తేమ పెడతానంటే పెట్టుకోనీ," అన్నాడు ఫిన్టన్ రొట్టెకి వెన్న రాసుకుంటూ. "కోల్మన్ అంతటివాడు అడుగుతున్నాడు. నా తోలు నానితే నానింది. అది ఎవరి తప్పూ కాదుగా."

"ఎవరి తప్పూ కాదా? నీకు చీమూ నెత్తురూ ఉన్నాయా?"

"ఉన్నాయి. వాటికి వెన్న కావాలి, ఆ గిన్నె ఇటు జరుపు."

ఇలాంటివాడికి పరువు తెచ్చిపెట్టడం ఎంత కష్టమో ఆ దేవుడికే తెలియాలి అనుకుని, కాన్సెప్టా ప్రాగ్ బాలయేసు బొమ్మని తీసుకెళ్ళి హాలు ముందు పొద కింద నిలబెట్టింది. పెళ్ళికో పండక్కో ముందు ఆ బొమ్మని బయట పెడితే ఎండ కాస్తుంది. ఇవాళ కాయాలి.

మధ్యాహ్నం క్లాసులు మొదలయ్యాయి. హాలుకి మధ్యలో మడత తలుపు ఉంది, దాన్ని మూస్తే హాలు రెండు ముక్కలవుతుంది. స్టేజీ వైపు పైపుల క్లాసు, గుమ్మం వైపు డప్పుల క్లాసు. వంటింట్లో తొంభై దాటిన నోనీ హెహిర్ ఫిడేలు నేర్పుతోంది. నేర్పడమంటే, ఆవిడ ఒకే బాణీ వాయిస్తుంది, పిల్లలూ పెద్దలూ విని పట్టుకోవాలి. బాణీ పేరేమిటని ఎవరైనా అడిగితే, "పేరుతో పిలిస్తే వస్తుందా? కుక్కా అది?" అంటుంది.

కాన్సెప్టా బాయిలర్ తిప్పింది. అక్కడి వేసవిలో, ఆగస్టు నెలలో బాయిలర్ మండడం చూసి ఫాదర్ లోర్కన్ కాలరు వదులు చేసుకున్నాడు గానీ కారణం అడగలేదు. కాన్సెప్టాని కారణాలు అడిగే అలవాటు ఆ ఊళ్ళో ఫాదర్‌కే కాదు, ఎవరికీ లేదు.

కోల్మన్ టాల్టీ సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఎవరికో క్షమాపణ చెప్పుకుంటున్నట్టు వంగి ఉంటాడు. ఫిన్టన్ పిన్ని కొడుకు. లోపలికి వచ్చి ముక్కు ఎగబీల్చి, "వదినా, ఎడారిలా ఉందే," అన్నాడు.

"ఎడారి కాదు, హాలు. మనుషులు పొడిగా ఉండడానికి కట్టించాం."

"మనుషులు ఉంటారు వదినా. పీకలే ఉండవు." అతను ఇంకా ఏదో అనబోయాడు. ఫిన్టన్ వైపు చూశాడు. ఫిన్టన్ తన డప్పు వైపు చూశాడు. కోల్మన్ వెళ్ళి కెటిల్ పెట్టించాడు.

ఒక కెటిల్‌తో మొదలైంది. పావుగంటలో స్టేజీ వైపు ఉన్న ప్రతి ప్లగ్గుకీ ఒక కెటిల్ తగిలింది. చావులకీ పెళ్ళిళ్ళకీ టీ కాచే పెద్ద స్టీలు డ్రమ్ము, మూత తీసేసరికి, పొగలు కక్కడం మొదలుపెట్టింది. పైపులు నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళు పక్కవీధిలో దండేల మీదున్న దుప్పట్లు అడిగి తెచ్చి, తడిపి, స్టేజీకి అడ్డంగా కట్టారు. ఎవరిదో గొర్రెలు కాసే కుక్క తడిసి ఉంటే దాన్ని కూడా తోలుకొచ్చి మధ్యలో కూర్చోబెట్టారు. దాని ఒంటి మీద నుంచి ఆవిరి లేస్తుంటే, "కదలకు, మంచి కుక్కవి," అని కోల్మన్ దాన్ని బుజ్జగించాడు.

మడత తలుపు కింద సందులోంచి తెల్లటి ఆవిరి పాకుతూ డప్పుల వైపు వచ్చింది. కాన్సెప్టా తువ్వాళ్ళు చుట్టి సందు మూసింది. చాలలేదు. ఇంటికి మనిషిని పంపి తన హెయిర్ డ్రయ్యరూ, డిలీ హెయిర్ డ్రయ్యరూ తెప్పించింది. చాలలేదు. పందులు పెంచే కానన్ వాళ్ళ ఇంటి నుంచి, చలికాలంలో పందిపిల్లల మీద వేలాడదీసే ఎర్ర దీపాలు తెప్పించి, క్లాసు నెత్తిన కట్టించింది. డప్పుల క్లాసు మొత్తం కుంపట్లో కూర్చున్నట్టు ఎర్రగా మారింది.

ఆ ఎర్రటి వెలుగులో ఫిన్టన్ నేర్పుతుంటే చూడాలి. లిమరిక్ నుంచి వచ్చిన పళ్ళ డాక్టరు, హాలండ్ నుంచి వచ్చిన అక్కచెల్లెళ్ళు, బ్రెండా అనే వయసు మళ్ళిన ఒక సన్యాసిని, ఇంకా చాలామంది, చెమటలు కారుతున్నా లేవకుండా వింటున్నారు.

"రీల్ దరువంటే ఏమీ లేదు," అంటున్నాడు ఫిన్టన్. "పాలు నింపిన లారీ, చదునైన రోడ్డు. ఎక్కడా తొణక్కూడదు. జిగ్ దరువంటే ఖాళీ లారీ, గుంతల రోడ్డు. ఎగరాలి, కానీ మీరు లోపలే ఉండాలి. పదండి, లారీ తీయండి."

అందరూ లారీ తీశారు. పళ్ళ డాక్టరు రెండో మలుపులోనే కాలువలో పడ్డాడు. ఫిన్టన్ నవ్వి, "ఏం పర్లేదు, పాలేగా," అని చెయ్యి పట్టుకుని మళ్ళీ రోడ్డెక్కించాడు. తాను అందరి మధ్యలో ఎక్కడున్నాడో తెలీకుండా కలిసిపోయి వాయిస్తున్నాడు. మొహం వెలిగిపోతోంది. కాన్సెప్టా అది చూసింది గానీ, ఆవిడ మనసంతా తలుపు సందు మీదే ఉంది.

తలుపు కొంచెం తెరిచి అవతలికి తొంగిచూసింది. అవతల ఏమీ కనపడలేదు. పాలలాంటి పొగమంచు. అందులోంచి పైపుల శబ్దం మాత్రం ఎక్కడో దూరాన ఓడ పిలిచినట్టు వస్తోంది.

"కోల్మన్! ఆ కెటిళ్ళు ఆపు."

"ఆపితే నా పీకలు చస్తాయి వదినా," అంది పొగమంచు.

"ఆపకపోతే మా ఆయన తోలు చస్తుంది!"

"తోలు ఎప్పుడో చచ్చింది కదమ్మా," అంది వెనక నుంచి సిస్టర్ బ్రెండా. "మేకతో పాటే."

ఎవరో కిసుక్కుమన్నారు. కాన్సెప్టా తలుపు మూసింది. అప్పుడే డిలీ పరిగెత్తుకొచ్చి, పొద కింద బాలయేసు లేడని, పైపులవాళ్ళెవరో ఆయన్ని లోపలికి తెచ్చి టీ డ్రమ్ము పక్కన కూర్చోబెట్టారని, అందుకే బయట వాన మొదలైందని చెప్పింది. నిజంగానే మొదలైంది. కాన్సెప్టా దుప్పట్లు తోసుకుంటూ పొగమంచులోకి వెళ్ళి, తడుముతూ తడుముతూ, ఒకసారి కుక్కని పట్టుకుని, రెండోసారి కోల్మన్ మోకాలు పట్టుకుని, మూడోసారి బాలయేసుని పట్టుకుని బయటికి వచ్చింది. కానీ అప్పటికే వాన కుదురుకుంది. ఆ దేశంలో కుదురుకున్న వానని ఏ దేవుడూ కదపలేడు.

దాంతో ఆవిడ పంతం ఇంకా ముదిరింది. సాయంత్రం వందమంది తడి కోట్లతో వస్తారు, వాళ్ళ కోట్లే పొగ కక్కుతాయి. క్లాసు అవగానే ఫిన్టన్ చేతిలోంచి డప్పు లాక్కుంది.

"ఎక్కడికి?" అన్నాడు ఫిన్టన్.

"నీకెందుకు? నువ్వెళ్ళి చొక్కా మార్చుకో."

డప్పుని వంటింట్లోకి తీసుకెళ్ళి, ఒక ఎర్ర దీపాన్ని అలమరలో వేలాడదీసి, దాని కింద పెట్టి తలుపేసింది. మధ్యమధ్యలో వెళ్ళి కేకు ఉడికిందో లేదో చూసినట్టు వేలితో తట్టి చూసింది. తట్టిన ప్రతిసారీ శబ్దం సన్నబడింది. అటువైపు ఫిడేలు పెట్టెలో పెట్టుకుంటున్న నోనీ అది చూసి, "దాన్ని కాలుస్తున్నావా, వాయించడానికేనా?" అంది. కాన్సెప్టా వినిపించుకోలేదు.

కచేరీ వేళకి బయట ఇంకా వెలుతురుంది, వాన ఆ వెలుతుర్లోనే పడుతోంది. కుర్చీలు నిండాయి. ఐలీష్ మొగుణ్ణి వెంటబెట్టుకుని మొదటి వరసలో కూర్చుంది. ఫాదర్ లోర్కన్ మడత తలుపు ముందు నిలబడి అందరికీ స్వాగతం చెప్పి, దాన్ని తీయించాడు.

తీయించకుండా ఉండాల్సింది. మధ్యాహ్నమంతా ఒక పక్క ఊరిన తేమా, ఇంకో పక్క కాగిన వేడీ ఒకదానికొకటి ఎదురొచ్చాయి. ఆవిరి పైకి లేచి, కాన్సెప్టా వేయించిన కొత్త కప్పుకి తగిలి, అక్కడ కాసేపు ఆలోచించి, చినుకులుగా కింద పడడం మొదలుపెట్టింది. హాలులో వాన. చిన్నదే గానీ వానే. బిషప్పు గారి ఫోటో మీద నుంచి ధార కట్టింది.

జనం పెద్దగా పట్టించుకోలేదు. బయట పడేదే లోపలా పడుతోందనుకున్నారు. "గొడుగులున్నవాళ్ళు పక్కవాళ్ళకి కూడా పట్టండి," అన్నాడు ఫాదర్. "ఇక వాయిద్యగాళ్ళు."

నోనీ మొదట వాయించి చప్పట్లు కొట్టించుకుని స్టేజీ మీదే ఓ పక్కకి జరిగింది. తరవాత కోల్మన్, ఫిన్టన్. కోల్మన్ పైపులు విప్పి తిత్తి నొక్కితే, పీకలు తేనె తాగినట్టు పలికాయి. ఫిన్టన్ చేతులూపుకుంటూ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. చెయ్యి ఖాళీగా ఉందని కొంచెం ధైర్యంగా ఉన్నట్టున్నాడు. అప్పుడు వంటింట్లోంచి కాన్సెప్టా, తువ్వాలులో చుట్టిన డప్పుని పొయ్యిలోంచి తీసిన రొట్టెలా రెండు చేతులతో పట్టుకుని వచ్చి, అందరూ చూస్తుండగా అతని ఒళ్ళో పెట్టింది. ఫిన్టన్ వేలితో తట్టాడు. గాజు గ్లాసు మీద చెంచా తగిలినట్టు 'టింగ్' మంది. అతను భార్య వైపు చూశాడు. ఆవిడ మొదటి వరసలో ఐలీష్ పక్కన కూర్చుని, ఒళ్ళో చేతులు పెట్టుకుని, "మా ఆయన," అంది. ఆ వాక్యం ఇవాళ దానంతటదే పూర్తవుతుంది.

కోల్మన్ తల వంచి మొదలుపెట్టాడు. నెమ్మది పాట.

నెమ్మది పాటకి డప్పు వాయించరు. డప్పే కాదు, ఏదీ వాయించరు. ఒక్కడే వాయిస్తాడు, మిగతావాళ్ళు తలవంచుకుని వింటారు, దగ్గొచ్చినా పాట అయ్యేదాకా ఆపుకుంటారు. సముద్రంలో మునిగిపోయిన వాడి మీద పాట అది. చాలా బాగుంది. ఫిన్టన్ కర్ర కింద పెట్టి, తలవంచుకుని విన్నాడు. అయిపోయింది. అందరూ దగ్గారు.

ఫిన్టన్ కర్ర తీశాడు. కోల్మన్ ఇంకో నెమ్మది పాట ఎత్తుకున్నాడు. ఇది ఆ మునిగినవాడి తల్లి మీద. ఫిన్టన్ కర్ర కింద పెట్టాడు.

మూడోది చచ్చిపోయిన గుర్రం మీద. నాలుగోది మొదలయ్యేసరికి ఎవరు పోయారో ఎవరికీ అంతుపట్టలేదు, అందరూ పోయినట్టే ఉంది. వెనక వరసల్లో కొందరు ఏడ్చారు, కొందరు నిద్రపోయారు, ఒకాయన రెండూ చేశాడు. వాన చినుకు చినుకుగా పడుతూనే ఉంది.

డిలీ వెనక నుంచి వంగి కాన్సెప్టా చెవిలో, "చూశావా? తేమ పారలేదని ఇప్పుడు ఇది. బ్రీజ్ చెప్పిందా లేదా?" అంది.

ఇటుపక్క నుంచి ఐలీష్, "మీ ఆయన కూర్చోవడం మాత్రం బాగా కూర్చున్నాడక్కా," అంది.

కాన్సెప్టా లేచింది. వెనక గోడ దగ్గర సెట్ నాట్యం వాళ్ళున్నారు, నాలుగు జంటలు, మేకులు కొట్టిన బూట్లు వేసుకుని రీల్ కోసం సాయంత్రం నుంచీ కాసుకుని ఉన్నారు. ఆవిడ వెళ్ళి వాళ్ళని రెక్క పట్టుకుని లేపి, కుర్చీలు జరిపించి, స్టేజీ ముందు చతురస్రంగా నిలబెట్టింది. ఆ ప్రాంతంలో ఇది మామూలు సంగతి కాదు. నాట్యం చేసేవాళ్ళు లేచి నిలబడ్డాక వాయిద్యగాడు వాళ్ళకి వాయించి తీరాలి. నిలబడిన సెట్‌ని ఊరికే కూర్చోబెట్టినవాడికి తరవాత పెళ్ళికీ చావుకీ పిలుపు రాదు.

కోల్మన్ కళ్ళు తెరిచి చూశాడు. నాలుగు జంటలు చేతులు పట్టుకుని అతన్నే చూస్తున్నాయి. అతను కళ్ళు గట్టిగా మూసుకుని ఐదో నెమ్మది పాట ఎత్తుకున్నాడు.

హాలంతా గుసగుసలు. ఆ జంటల్లో ఉన్న మార్టీ లూనీ కొత్త మోకాలు వేయించుకున్నవాడు, అది వణకడం మొదలైంది. పెళ్ళాం భుజం పట్టుకుని నిలదొక్కుకున్నాడు. పాట అవలేదు. నోనీ చూసింది, చూసింది, ఇక పట్టలేక ఫిడేలు విల్లుతో కోల్మన్ బూటు మీద కొట్టింది.

"నిలబెట్టి చంపుతావురా వాళ్ళని? మా నాన్న శవం ఇంట్లో ఉండగా కూడా మేం నిలబడ్డ సెట్‌ని కూర్చోబెట్టలేదు!"

అని, అతని పాట మధ్యలోనే ఫిడేలు ఎత్తి రీల్ మొదలుపెట్టింది. నిద్రపోయినవాళ్ళు లేచారు. జంటలు కదిలాయి. కోల్మన్ ఫిన్టన్ వైపు, నేనేం చెయ్యనన్నట్టు చూసి, తాను కూడా రీల్‌లోకి దిగాడు. మేకుల బూట్లు నేలని దంచాయి.

"ఇప్పుడు," అంది కాన్సెప్టా, ప్రార్థన చేస్తున్నట్టు. ఐలీష్ మోచెయ్యి పట్టుకుని, "ఇప్పుడు చూడు," అంది.

ఫిన్టన్ కర్ర ఎత్తాడు. కొట్టాడు.

తుపాకీ పేలినట్టు పేలింది. ఫాదర్ లోర్కన్ బాయిలర్ పోయిందనుకుని లాటరీ బల్ల కిందికి దూరాడు. గొర్రెల కుక్క బయటికి పారిపోయింది. మేకతోలు ఈ అంచు నుంచి ఆ అంచుకి నిట్టనిలువునా చీలిపోయి, రెండు చెవుల్లా వేలాడింది. దానిలోంచి ఫిన్టన్ మొహం అవతలికి కనిపిస్తోంది.

ఆ మొహం చూసినవాళ్ళు తరవాత రకరకాలుగా చెప్పుకున్నారు. పళ్ళ డాక్టరు మాత్రం, పన్ను పీకనక్కర్లేదని చెప్పినప్పుడు తన దగ్గరికొచ్చేవాళ్ళ మొహం అచ్చం అలాగే ఉంటుందన్నాడు.

నోనీ ఆగలేదు. సెట్ ఆగలేదు. మార్టీ మోకాలు మాత్రం ఆగింది, ఆ చప్పుడుకి బెదిరి మడత పడింది, అతన్ని కుర్చీలో కూలేశారు. జంట తప్పింది. ఫిన్టన్ చీలిన డప్పు కుర్చీలో పెట్టి, స్టేజీ దిగి, మార్టీ పెళ్ళాం చెయ్యి అందుకుని ఆ ఖాళీలో దూరాడు. దూరి మడమలతో, మునివేళ్ళతో నేలని వాయించాడు. నిండిన లారీ చదునైన రోడ్డు మీద వెళ్ళినట్టు, ఒక్క చుక్క తొణకలేదు. తడిసిన నేల మీద అతని బూట్ల దరువు వింటూ నోనీ విల్లు జోరు పెంచింది. చుట్టూ తిరిగే ఎనిమిది మందిలో అతను ఒకడు, అంతే. ఎవరూ అతన్ని ప్రత్యేకంగా చూడటం లేదు. కాన్సెప్టా ఒక్కతే చూస్తోంది, స్టేజీ మీద ఖాళీ కుర్చీనీ, దానిలో వేలాడుతున్న తోలునీ.

"అయ్యో," అంది ఐలీష్. ఆ అయ్యోలో ఎంత తియ్యదనం ఉందో కాన్సెప్టా తూకం వేసి చెప్పగలదు.

కచేరీ అయ్యాక వాయిద్యగాళ్ళకీ కమిటీకీ వంటింట్లో టీ. డిలీ కేకు కోస్తోంది. నోనీ బూట్లు విప్పి పొయ్యి దగ్గర కాళ్ళు చాపింది. ఫిన్టన్ చెమటతో ముద్దయి, బల్ల చివర కూర్చుని హామ్ సాండ్‌విచ్ తింటున్నాడు. కాన్సెప్టా చీలిన డప్పుని చేత్తో పట్టుకుని లోపలికి వచ్చి, నేరుగా కోల్మన్ ముందు నిలబడింది.

"తోలు మార్పిస్తాను వదినా," అన్నాడు కోల్మన్ కప్పులోకి చూస్తూ.

"తోలు సంగతి కాదు. మొదట తేమ అన్నావు. అది సాగకపోయేసరికి ఏడుపు పాటలు ఎత్తుకున్నావు. చచ్చిన గుర్రం మీద పాట! ఎవడైనా వాయిస్తాడా పండగ రోజు? సెట్ లేచి నిలబడ్డా వాయించావు. నా మొగుణ్ణి నలుగురి ముందు నోరెత్తనివ్వకూడదని పొద్దుట్నుంచీ కంకణం కట్టుకున్నావు. మేం నీకేం ద్రోహం చేశాం?"

"నన్నడక్కు వదినా."

"నిన్ను కాక ఎవణ్ణడగాలి? బిషప్పునా?"

డిలీ కేకు కొయ్యడం ఆపింది. కోల్మన్ ఇంకాస్త వంగాడు, ఇంకొంచెం వంగితే కప్పులో పడేలా ఉన్నాడు. ఫిన్టన్ నోట్లో ముక్క నమిలి, మింగి, మూతి తుడుచుకున్నాడు.

"వాణ్ణి వదిలెయ్," అన్నాడు. "తేమ అడగమన్నది నేను. ఏడుపు పాటలు వాయించమన్నదీ నేనే. స్టేజీ ఎక్కాలని నాకు ఒక్కనాడూ లేదు కాన్సెప్టా. అది నీకుంది. నువ్వే ఎక్కాల్సింది."